గోగని చెప్పి పెంచిన గంజాయి

రంగూన్‌లోని తామ్వేలో, పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా నేను గంజాయి వనం పెంచాను.

వనం అంటే మరీ వనం కాదు. మూడు మొక్కలు లేచాయి. ఒకదాన్ని నత్తలు తినేశాయి. ఒకదాన్ని నేనే తొక్కేశాను. చీకట్లో కాదు, కళ్ళద్దాలు పెట్టుకునే తొక్కాను. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కటీ నా తలకి మించి ఎదిగింది అని రాద్దామనుకున్నాను. భుజం దాకా వచ్చింది. నేను పొట్టివాణ్ణి.

దాన్ని నేను అమ్ముకోవడానికి పెంచలేదు. తాగడానికి అసలే కాదు, పక్కవాడు చుట్ట కాలిస్తేనే నాకు దగ్గొస్తుంది. కీళ్ళ నొప్పులకి పనికొస్తుందని ఎవరో అంటే అవునన్నాను గాని, నా కీళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మొక్కని నేను పెంచింది పగతో. మా వియ్యంకుడి మీద పగతో.

ఆయన మా కోడలి తండ్రి. గంజాం వాళ్ళు, ఇంట్లో సగం ఒడియా, సగం తెలుగు. పజుండౌంగ్‌లో కాలవ పక్క సందులో రేకు పెట్టెలు, బీరువాలు చేసే షెడ్డు ఉంది ఆయనకి. కూతురికి పెళ్ళిలో ఒక బీరువా చేసి ఇచ్చాడు. తలుపు తీసినప్పుడల్లా అది ఆయన గొంతుతోనే అరుస్తుంది. ఆ మాట నేను నలుగురిలో అన్నాను. పెళ్ళి భోజనాల్లో తన వాళ్ళకి రెండోసారి పప్పు వడ్డించలేదని ఆయన నలుగురిలో అన్నాడు. మనవరాలికి బళ్ళో చేరే వయసొచ్చినా మేమిద్దరం ఆ బీరువా దగ్గరే, ఆ పప్పు దగ్గరే ఉన్నాం. ప్రతి ఆదివారం టీ వేళకి వస్తాడు. వచ్చి, ఇల్లంతా ఒకసారి కళ్ళతో తడిమి, నన్ను ఆఖర్న చూసి, “ఏటి బావగోరూ, ఇంకా ఉన్నారా” అంటాడు.

అసలు గొడవ శివరాత్రినాడు మొదలైంది. పజుండౌంగ్‌లో మా వాళ్ళ గుడి ఉంది. శివరాత్రికి అక్కడ పాలలో మిరియాలు, గసగసాలు నూరి కలిపి, దేవుడికి పోసి, తలా ఒక గ్లాసు ఇస్తారు. పూర్వం గంజాం వాళ్ళు అందులో ఆకు కూడా నూరేవారట. ఇప్పుడు ఆ ఊసే లేదు, ఎవరికి పట్టింది జైలుకెళ్ళే ఖర్మ. నేను గ్లాసు పట్టుకుని, చుట్టూ మంచి గుంపు ఉంది కదా అని మొదలెట్టాను.

“మా నాన్న రోజుల్లో ఇది పాలసముద్రంలా తెల్లగా ఉండేది కాదు, ఆకుపచ్చగా ఉండేది. పెరట్లో ఆకు తనే పెంచేవాడు, తనే నూరేవాడు. ఆ పొత్రం మీద ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.”

వియ్యంకుడు గ్లాసు కింద పెట్టి మరీ అందుకున్నాడు.

“మీ నాన్నగోరు పెంచినారో నేదో నాకు తెల్దు గాని బావగోరూ, మీరు మాత్రం మిరప మొక్క కూడా బతికించనేదు. మా గుంట, మీ కోడలే సెప్పింది. కొత్తిమీర ఏస్తే కుండీయే సచ్చిపోనాదంట.”

గుడి గుడంతా నవ్వింది. పూజారి కూడా నవ్వాడు. అది నేను మర్చిపోలేదు.

“వచ్చే శివరాత్రికి నా పెరటి ఆకు నూరి మీ గొంతులో పోస్తాను. కాసుకోండి.”

“పోయండి, పోయండి. నోరు తెరుసుకునే ఉంటాను.”

విత్తనాలు నాకు షాన్ కొండల నుంచి వచ్చిన ఒక రహస్య వర్తకుడు అరచేతిలో పెట్టాడు. ఇది నేను చెప్పుకోవడానికి తయారు చేసుకున్న కథ. ఇచ్చినవాడు మా వీధి చివర సైకా, అంటే పక్కన సీటున్న సైకిలు రిక్షా, తొక్కేవాడు. కిళ్ళీ చుట్టిన కాగితంలో పోసి ఇచ్చాడు. అవి దేని విత్తనాలో వాడికీ సరిగా తెలియదు. “మొలిస్తే తెలుస్తుంది, ఊలే” అన్నాడు. ఊలే అంటే ఇక్కడి మాటలో బాబాయ్ అని.

వానలు వెనకపట్టి, తడింజుట్ పండగ దీపాలు పెట్టే రోజుల్లో నాటాను. పెరట్లో నీళ్ళ ట్యాంకుకీ ఇటుక గోడకీ మధ్య కాస్త మట్టి ఉంది. అక్కడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ దేశంలో అలాంటి మొక్క ఒక్కటి దొరికినా ఏళ్ళకి ఏళ్ళు లోపల వేస్తారు. వేసేటప్పుడు ఇల్లెవరిదని అడుగుతారు. మా ఇల్లు నాది కాదు. మా మామగారు కొని కూతురి పేరు మీద రాశాడు. ఆయన రేవులో ఓడల సరుకు లెక్క చూసుకునే మనిషి, నన్ను ఒక్క చూపులో లెక్కేశాడు. ఇంటి కాగితం మీద, కరెంటు మీటరు మీద, వార్డు ఆఫీసులో, అన్నిటా మా ఆవిడే యజమాని. అంటే ఆ మొక్కకి కూడా ఆవిడే యజమాని. అది తెలిసే నాటాను. పోలీసులొస్తే ముందుకొచ్చి, “నేరం నాది, ఆవిణ్ణి వదలండి” అనే సీను ఒకటి లోపల తయారు చేసుకున్నాను. ఆ సీనులో సంకెళ్ళు నాకు బాగా నప్పాయి. ఆవిడకి కూడా వేస్తారన్న ముక్క దగ్గర సీను ఆపేసేవాణ్ణి.

ఆవిడతో ఏం చెప్పానంటే, గోగు అని చెప్పాను.

మా వాళ్ళందరూ శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళు. ఆ వైపు గోగు చేలట, గోగు నారతో తాళ్ళు పేనేవారట. మా ఆవిడ వాళ్ళ మామ్మ చనిపోయేదాకా ఆ తాళ్ళ గురించే చెప్పేది. మేం మాత్రం ఎవరం గోగు చేను చూసి ఎరగం. ఇక్కడ బజార్లో దొరికేది బర్మావాళ్ళ చిన్‌బౌంగ్, ఎర్ర కాడల పుల్లాకు, దాన్నే మేం గోంగూర అనుకుని తింటాం. అసలైన దేశవాళీ గోగు వేరనీ, దాని ఆకు చేతివేళ్ళలా చీలి ఉంటుందనీ విన్నాం. ఈ మొక్క ఆకు కూడా సరిగ్గా చేతివేళ్ళలా చీలే వచ్చింది. ఇంకేం కావాలి?

“దేశం నుంచి వచ్చిన విత్తనం, మీ మామ్మ గోగు” అన్నాను.

ఆవిడ ఆ మొక్క ముందు గొంతుక్కూర్చుని, చిన్న ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది. “ఇదేటి, మా మామ్మ సెప్పిన గోగేనా” అంది. ఇన్నేళ్ళ కాపురంలో నేను తెచ్చిన ఏ వస్తువునీ ఆవిడ అలా చూడలేదు.  

ఆ రోజు నుంచి మొక్క నాది కాకుండా పోయింది. బియ్యం కడుగు దానికే. చేప కడిగిన నీళ్ళు దానికే. గాలికి వాలుతోందని పాత లుంగీ చింపి కర్రకి కట్టింది. గోడ అవతలి బర్మా ఆవిణ్ణి పిలిచి, “మా దేశపు చిన్‌బౌంగ్” అని చూపించింది. ఎదురింటావిణ్ణి పిలిచి చూపించింది. నేను లోపల కూర్చుని, ఒక్కొక్క ఆడమనిషి పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా చెమటలు కక్కాను. వాళ్ళు గాని కనిపెడితే అన్న భయం ఒకటి, ఇంత మంచి మొక్కని పెంచింది నేనని ఎవరికీ చెప్పుకోలేకపోయానే అన్న కుళ్ళు ఒకటి.

చలికాలం ముదిరేసరికి కొసల్లో గుత్తులు కట్టింది. తడి గోనెసంచిలో పిల్లి పడుకుని లేచిన వాసన. కోడలు ముక్కు మూసుకుని, “అత్తా, ఈ చిన్‌బౌంగ్ స్మెల్ ఏంటి, నాన్‌తే” అంది. నాన్‌తే అంటే కంపు కొడుతోందని. దాని మాటల్లో మూడు భాషలు లేని వాక్యం ఉండదు.

“గోగు ఇంత కంపు కొడతాదేటండీ?” అని మా ఆవిడ నన్నడిగింది.

“దేశవాళీది అంతే” అన్నాను.

ఆ ఆదివారం వియ్యంకుడు వచ్చాడు. టీ తాగుతూ ముక్కెగరేశాడు. గ్లాసు పట్టుకునే పెరట్లోకి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. మొక్కని కిందనుంచి పైకి చూశాడు, పైనుంచి కిందకి చూశాడు, నన్ను చూశాడు.

“పెంచీసినావన్నమాట.”

ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వులోకి దిగాడు.

“నోరు తెరుచుకుని ఉంటానన్నారుగా. తెరవండి” అన్నాను. లోపల్నుంచి ఒక సంతోషం తన్నుకొచ్చింది. దాన్ని దాచుకునే మర్యాద నాకు లేకపోయింది.

“ఇల్లు ఎవురి పేరున ఉంది?”

నేను కర్రకి కట్టిన లుంగీ పీలిక బిగించాను.

“సెల్లెమ్మకి తెలుసా ఇదేటో?”

“గోగనుకుంటోంది.”

ఆయన గ్లాసులో మిగిలిన టీ ట్యాంకు పక్కన పారబోశాడు. “ముసిలోడివి, నువ్వు ఎక్కడ సచ్చినా ఒకటే. ఆ మనిసిని జైల్లో కూకోబెడతావేటిరా? మా గుంట కూడా ఈ ఇంట్లోనే ఉంది. వచ్చే ఆదివారం నానొచ్చేసరికి ఇది ఉండకూడదు.”

న్యాయమైన మాట. మా ఆవిడ చెప్పినా, కొడుకు చెప్పినా, సైకా వాడు చెప్పినా ఆ క్షణంలోనే పీకి ఉండేవాణ్ణి. చెప్పింది ఆయన. “శివరాత్రి దాకా ఉంటుంది. మీ గొంతులో పడ్డాకే పీకుతాను” అన్నాను.

 ఆయన లోపలికెళ్ళి, మా ఆవిడ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతులో తేనె పోసుకుని మొదలెట్టాడు.

“సెల్లెమ్మా, గోగు బాగా ఎదిగినాది. మరి తొలి ఆకు మా ఇంటికి రావాల కదా.”

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెరట్లో తొలిసారి ఏది పండినా, కాయైనా ఆకైనా, ముందు వియ్యపువారింటికి పంపాలి. తర్వాతే మనం నోట్లో పెట్టుకోవాలి. రంగూన్‌లో పెరళ్ళే లేవు, పద్ధతి ఒక్కటే మిగిలింది. బాల్కనీ డబ్బాలో రెండు టమోటాలు కాస్తే వాటిని గుడ్డలో చుట్టి బస్సెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చేవాళ్ళున్నారు.

మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. “అడగాలేటన్నయ్యా! వచ్చే ఆదివారం నా సేత్తోనే కోసి ఇస్తాను. పచ్చడి సెయ్యమంటే సేసే ఇస్తాను.”

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. తీసేస్తే మా ఆవిడ ముందు జవాబు చెప్పాలి, ఉంచితే పచ్చడైపోతుంది. వియ్యంకుడంటే వీడూ అనుకున్నాను. పళ్ళు రాలగొట్టాలనిపించింది గాని, ఆయనకి ఉన్నవి కట్టుడు పళ్ళు. నావీ అంతే.

ఆ వారమంతా రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. కాండం మీద చెయ్యి వేసేవాణ్ణి. ఆయన నవ్వు గుర్తొచ్చేది. చెయ్యి తీసేసేవాణ్ణి. పచ్చడి సంగతికి ఒక ఎత్తు వేశాను. బజారునుంచి చిన్‌బౌంగ్ కట్ట తెచ్చి దాచి, ఆదివారం ఆవిడ లేవకముందే కోసినట్టు బుట్టలో పెట్టేద్దామని. మహా తెలివైన ఎత్తు. ఆదివారం లేచేసరికి ఆవిడ నాకన్నా ముందే లేచి, స్నానం చేసి, పెరట్లో పసుపు చల్లుతోంది.

టీ వేళకి గేటు చప్పుడైంది. వియ్యంకుడనుకున్నాను. కాదు. వార్డు ఆఫీసు తరఫున మా పదిళ్ళనీ చూసే పెద్దమనిషి, చేతిలో సంచీతో. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, కొత్తవాళ్ళెవరైనా పడుకుంటున్నారా అని అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళతాడు. మంచివాడే. మంచివాడైతే మాత్రం, చూసింది పైకి చెప్పకపోతే ఆయన మెడకే చుట్టుకుంటుంది.

మా ఆవిడ టీ ఇచ్చింది. ఆయన అడిగిన పేర్లు చెప్పింది. కప్పు కింద పెట్టి, “వెనక షెడ్డులో ఎవరైనా ఉంటున్నారా అడోజీ?” అంటూ ఆయన లేచాడు. అడోజీ అంటే పెద్దమ్మా అని. నేను లేచేలోపే పెరట్లో ఉన్నాడు. షెడ్డులోకి తొంగిచూశాడు. పాత సైకిలు తప్ప ఏమీ లేదు. తిరిగొస్తూ మొక్క దగ్గర ఆగాడు.

“ఇదేం మొక్క?”

“మా దేశపు చిన్‌బౌంగ్ సయా!” అంది మా ఆవిడ బర్మాలో, చిన్నపిల్లలాగా. సయా అంటే అయ్యా అని. “మీ ఇంటికి కొంచెం పట్టుకెళ్ళండి, పులుసు పెట్టుకోండి.” అంటూనే పైకొస, ఆ గుత్తి ఉన్న కొసే, పుటుక్కున విరిచింది. ఇంకొకటి విరిచింది. గుప్పెడు నింపుకుని రెండు చేతులతో, మర్యాదగా, ఆయనకి అందించబోయింది.

ఇక్కడ నేను పులిలా దూకాను అని రాయాలని చెయ్యి లాగుతోంది. నేను దూకలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నేరం నాది, ఆవిణ్ణి వదలండి అన్న మాట నాలుక చివరికి కూడా రాలేదు. నాకు కనిపించింది ఆవిడ చేతులు మాత్రమే. అవి సాచినట్టే ఉన్నాయి.

దూకింది వియ్యంకుడు. తెరిచిన గేటులోంచి ఎప్పుడొచ్చాడో, నన్ను మోచేత్తో తోసుకుంటూ పెరట్లోకి వెళ్ళి, ఆవిడ చేతిలో ఆకు లాక్కున్నాడు.

“ఏటి సెల్లెమ్మా ఇది! తొలి ఆకు మాకని సెప్పి, మా కళ్ళ ముందరే పరాయోడికి ఇచ్చీస్తావేటి? మావేటి గతి నేనోలమా? పెళ్ళిలో పప్పు పెట్టనేదు, ఇప్పుడు ఆకు కూడా పెట్టవా? ఇదేనా మీ పెద్దింటి మర్యాద!”

వీధి వినేలా అరిచాడు.  ఆయన అరుస్తూనే మొక్కకీ ఆ పెద్దమనిషికీ మధ్య నిలబడ్డాడు. పెట్టెలు మోసిన మనిషి, వెడల్పుగా ఉంటాడు. వెనక ఏముందో కనపడలేదు. ఆ పెద్దమనిషి వైపు తిరిగి బర్మాలో, “మీ తప్పేం లేదు సయా, ఇది మా చుట్టరికం గొడవ, మొదటి ఆకు నాకు రావాలి, ఈ ఇంటివాళ్ళు మొదటినుంచీ నన్నిలాగే అవమానిస్తున్నారు” అని కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. నిజంగా పెట్టుకున్నాడు. ఎలా వచ్చాయో నాకిప్పటికీ తెలియదు.

గుప్పెడు ఆకుకోసం ఏడుస్తున్న ముసలాణ్ణి చూసి ఆ పెద్దమనిషి సిగ్గుపడిపోయాడు. చేతులు అడ్డంగా ఊపుకుంటూ, చెప్పులు ఎడమదీ కుడిదీ చూసుకోకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

వియ్యంకుడు ఆకుని లుంగీ మడతలో దోపుకుని, కూతురి ముఖం కూడా చూడకుండా, టీ తాగకుండా పోయాడు.

మా ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చింది. “గుప్పెడాకు కోసం నా ఇంట్లో నిలబడి అంత మాటంటాడేటి? ఇంక ఈ గడప తొక్కనివ్వను. ఆడి కూతురు ఎల్తే ఎల్లమను.” కోడలు లోపల బీరువా తలుపు తీసిన చప్పుడు వినపడింది. తలుపు అరిచింది. బట్టలు సర్దుకుంటోందని అర్థమైంది.

అప్పుడు చెప్పాను. ఇంకేం చెయ్యను?

“అది గోగు కాదు.”

“మరేటి?”

“గంజాయి.”

ఆవిడ ముక్కు తుడుచుకుని నన్ను చూసింది. “సిగ్గు నేదేటి నీకు? అంత జరిగినా నీ కోతలు నీవేనా? గంజాయంట! నువ్వు పెంచినావంట! కొత్తిమీర పెంచలేనోడివి!”

“నిజంగానే.”

“పజుండౌంగ్ కాలవలో మొసలిని పట్టినానన్నావు. అది ఉడుము. అదీ అప్పటికే సచ్చిపోయినాది. మా నాన్నతో ఓడ నడిపినానన్నావు. దాని మీద సున్నం కొట్టినావు. ఇప్పుడు నాకు ఊరట సెప్పడానికి గంజాయా?”

జీవితంలో మొదటిసారి పొల్లుపోకుండా నిజం చెబితే, నా పాత గొప్పలన్నీ ఒక్కొక్కటీ లేచొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాయి. దేవుడి మీద ఒట్టన్నాను. “మొసలి మీదా ఒట్టేసినావు” అంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కళ్ళు తుడుచుకుని లేచింది. “మనం పెట్టనోలమంట, వీధంతా విన్నాది. రేపు పొద్దున్నే ఆకంతా దూసి, ఇంటికో కట్ట పంచుతాను. ఆ పెద్దమనిషికి ముందు పంపిస్తాను.”

నేను మొక్క వైపు అడుగేశాను. ఆవిడ ముక్కాలిపీట లాక్కొచ్చి మొక్క ముందు వేసుకుని కూర్చుంది. చేతిలో కూరగాయల కత్తి. “కుళ్ళుతో దాన్ని పీకీద్దామనుకుంటున్నావేమో. సెయ్యేసి సూడు.”

ఆవిడ నమ్మాలంటే చెప్పగలిగిన మనిషి ఒక్కడే. వాణ్ణి ఇప్పుడే గడప తొక్కొద్దంది. నేను టాక్సీ ఎక్కి పజుండౌంగ్ వెళ్ళాను.

షెడ్డులో వియ్యంకుడు రేకు డబ్బామీద కూర్చుని, బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

“ఆకేం చేశారు?” అన్నాను.

“కాలవలో పారీసినాను.”

“బస్సులో తీసుకెళ్ళారా?”

“బస్సులోనా? వంతెన దగ్గర పోలీసోళ్ళు సంచులన్నీ తడుముతున్నారు, నన్ను తడిమితే నువ్వొస్తావేటి? నడిసొచ్చినాను. సందులంట, సందులంట.” కాళ్ళు నీళ్ళలోంచి తీశాడు. మడమలు రెండూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. ఈయన టీకొట్టు దాకా కూడా సైకా ఎక్కే మనిషి.

జరిగింది చెప్పాను. రేపు వీధంతా పంచుతుందన్నాను. ఆయన కాళ్ళు తుడుచుకోవడం ఆపాడు.

“నిజం సెప్పినా నమ్మనేదా?” అని నవ్వడం మొదలెట్టి, నవ్వీ నవ్వీ దగ్గొచ్చేదాకా నవ్వాడు. “అయితే బతిమాలు.”

“బతిమాలుతున్నాను.”

“ఇలగ కాదు. మీ నాన్న ఆకు పెంచినాడా?”

“లేదు.”

“నూరినాడా?”

“నూరేవాళ్ళకి గుడ్డ పట్టుకునేవాడు. వడకట్టేటప్పుడు. అది కూడా ఒక్కసారే.” అన్నాక, గొంతు ఇంకా ఏదో మిగుల్చుకున్నట్టనిపించి, “గుడ్డ జారవిడిచాడని తిట్టారు” అన్నాను.

షెడ్డులో పనివాళ్ళు తలలెత్తకుండా రేకు కొడుతున్నారు. అందరూ విన్నారు. ఆయన చొక్కా తొడుక్కుని, కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని కుంటుతూ బయల్దేరాడు. టాక్సీలో ఆయన ఆ కిటికీ, నేను ఈ కిటికీ.

మా ఆవిడ గేటు తియ్యలేదు. “ఏ మొగం పెట్టుకుని వచ్చినావన్నయ్యా” అంది కడ్డీల వెనకనుంచి. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

ఆయనకి వీధిలో ఆ మాట అనడానికి లేదు. గంజాయి అన్న ముక్క ఇక్కడ అందరికీ తెలుసు. కడ్డీల దగ్గరికి ఒంగి, నెమ్మదిగా అన్నాడు. “సెల్లెమ్మా, శివుడికి పూర్వం పాలల్లో నూరీవోరు సూడు, ఆ ఆకు. ఈ దొంగ సెప్పింది ఈ ఒక్కసారికి నిజమే.”

“నువ్వు కూడా ఈయనతో కలిసినావా?”

ఆయనకి కోపం వచ్చింది. ఇంకేం మాట్లాడకుండా ఒక చేత్తో గేటు పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ విప్పి, మడమ ఎత్తి చూపించాడు. “గోగాకుని ఎవుడైనా తామ్వే నుంచి పజుండౌంగ్ దాకా సందులంట నడిసి మోస్తాడేటమ్మా? ఈ వయసులో?”

ఆవిడ ఆ మడమ చూసింది. చాలాసేపు చూసింది. ఆయన ముఖం చూసింది. నా ముఖం చూడలేదు. కత్తి గోడ మీద పెట్టింది.

ఇన్నేళ్ళ నా ఒట్లు ఒకవైపు, ఆయన మడమ ఒకవైపు. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

గేటు తీసి ఆయన్ని లోపలికి రమ్మని, నేను రాకముందే వేసేసింది. నేను సందులోంచి వెనక్కి వెళ్ళి ఇటుక గోడ మీదనుంచి చూశాను. గోడ దూకాను అని చెప్పను. సైకా వాణ్ణి పిలిచి వాడి బండి మీద నిలబడ్డాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని, మొక్కకి కట్టిన లుంగీ పీలికలు ముందు ఒక్కొక్కటీ విప్పింది. తర్వాత రెండు చేతులతో కాండం పట్టుకుని లాగింది. ఒక్క ఊపుకి రాలేదు, వేళ్ళు బాగా పట్టాయి. బియ్యం కడుగుతో పెంచింది కదా. రెండోసారి వేళ్ళతో సహా వచ్చింది. వియ్యంకుడు సెప్టిక్ ట్యాంకు మూత ఎత్తి పట్టుకున్నాడు. ముక్కలు ముక్కలుగా నరికి అందులో వేసింది. కోడలు లోపలినుంచి నీళ్ళ బకెట్లు తెచ్చి పోసింది. అప్పటికి అది సర్దుకున్న పెట్టె విప్పేసినట్టుంది. ఆవిడ ఏడవలేదు. మామ్మ మాట కూడా ఎత్తలేదు.

గేటు నాకు చీకటి పడ్డాక తీశారు. తీసింది కోడలు.

ఆ రాత్రి అన్నం పెట్టి, ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది. “పోలీసులొచ్చుంటే, ఎవుర్ని పట్టుకెళ్ళీవోరో నీకు తెలుసు కదా?”

ఏదో ఒకటి అల్లడానికి నోరు తెరిచాను. అల్లిక రాలేదు. “తెలుసు” అన్నాను. ఆవిడ కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. నీళ్ళ ట్యాంకుకీ గోడకీ మధ్య ఉన్న ఆ కాస్త మట్టీ కప్పేసి సిమెంటు చెయ్యమంది. నేను అడ్డం వచ్చి, “పెరట్లో ఆ కాస్త మట్టైనా లేకపోతే ఎలా” అన్నాను.

“ఇల్లు నాది” అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. ఆవిడ తండ్రి అనేవాడు, ఆయన పోయాక ఎవరూ అనలేదు.

పని చూసుకోవడానికి వియ్యంకుణ్ణి పిలిపించింది. నన్ను కాదు. ఆయన కుంటుకుంటూ వచ్చి, కుర్చీ వేయించుకుని, “ఇసక ఎక్కువేస్తున్నావు, ఇక్కడ గొయ్యుంది, అక్కడ వాలు నేదు” అని మేస్త్రీని పొద్దుగూకేదాకా తిట్టాడు. ఆయనకి టీ రెండుసార్లు వెళ్ళింది. నాకు అడిగితే వచ్చింది.

సిమెంటు ఆరి చాలా రోజులైంది. పెరటి తలుపుకి ఇప్పుడు తాళం ఉంది, తాళంచెవి ఆవిడ నడుముకి ఉంది. నేను ఆ వైపు అడుగేసినప్పుడల్లా, తల ఎత్తకుండానే అంటుంది.

“ఇంకా ఆరనేదు.”